గాలి లేని వేళ

పసుపు రంగు గిన్నెలో నీళ్ళు కనిపించడం లేదు.

ఆమె గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, మొహానికి అడ్డం పడుతున్న రెల్లుని మోచేత్తో పక్కకి తోసి, గిన్నెలోకి వంగి చూసింది. మామూలు రోజుల్లో సబ్బు చుక్క కలిపిన ఆ నీళ్ళ అడుగున ఆవగింజలంత ఈగలు కొన్ని, ఒకటో రెండో చిన్న తేనెటీగలు, కలిసొచ్చిన రోజున ఒక పెంకుపురుగు ఉండేవి. ఇవాళ కాచిన పాల మీద మీగడ కట్టినట్టు గిన్నె నిండా పురుగులు కట్టి ఉన్నాయి. రెక్కలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కాళ్ళు చిక్కుపడ్డాయి. మధ్యలో ఎక్కడో ఒక ఆకుపచ్చ మెరుపు.

"ఒకసారి ఇటు రండి," అని పిలిచింది.

అవతలి పొద దగ్గర ఇంకో గిన్నె ఎత్తుతున్న సహోద్యోగి కదలకుండానే జవాబిచ్చాడు. "మీరే ఇటు రండి మేడమ్. నా గిన్నెలో నిలబడ్డానికి చోటు లేదు. అందరినీ పేరుపేరునా పిలిచినట్టున్నారెవరో."

సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాల వల్ల అందరూ అతన్ని భూతద్దం అంటారు. అతను కూడా ఫోనెత్తి "భూతద్దాన్ని మాట్లాడుతున్నాను" అంటాడు. ఎవరో పెట్టిన పేరుకి ఉక్రోషపడే కన్నా దాన్ని తనే వాడుకోవడం తేలికని అతని లెక్క.

ఒకప్పుడు ఇది ఇటుకల బట్టీ. మట్టి తవ్వి తవ్వి నేలంతా చుట్టుపక్కల తోటలకన్నా నిలువెత్తు కిందికి దిగిపోయింది. బట్టీ మూతపడ్డాక స్థలం కొన్న ట్రస్టు వాళ్ళు దాన్ని దున్నలేదు, మొక్క నాటలేదు, గడ్డి కోయించలేదు. చుట్టూ కంచె వేసి దాని మానాన దాన్ని వదిలేశారు. అందరూ 'వదిలిన నేల' అనడం అలవాటు చేసుకున్నారు. వదిలేస్తే నేల దానంతటది కోలుకుంటుందా, కోలుకుంటే ఎవరెవరు తిరిగొస్తారు అన్నది చూసి చెప్పడం వీళ్ళిద్దరి పని. పిట్టలూ జంతువులూ తర్వాతి సంగతి. ముందొచ్చేవి పురుగులు. వాటిని పట్టి, చంపి, లెక్కపెట్టి చూపిస్తేగాని బతుకు తిరిగొచ్చిందని ఎవరూ నమ్మరు. చేరిన కొత్తలో ఈ సంగతి ఆమెకి మింగుడుపడేది కాదు. ఇప్పుడు గిన్నె ఎత్తేటప్పుడు ఆ ఆలోచన రాదు.

టీ వడగట్టే జాలిలోకి గిన్నెని నెమ్మదిగా వంచింది. జాలి నిండిపోయింది. సగంలో ఆపి, సన్నని ముక్కున్న సీసాతో నీళ్ళు చిమ్మి సబ్బు కడిగి, రంగులు వేసుకునే కుంచెతో పురుగుల్ని గాజుసీసాలోకి దించింది. మళ్ళీ మిగతా సగం వంచింది. స్పిరిట్ పోసి, పెన్సిల్‌తో గిన్నె గుర్తు రాసిన కాగితం ముక్క లోపలే వేసి, మూత బిగించింది. మామూలుగా ఒక గిన్నెకి ఒక సీసా. ఇవాళ తెచ్చిన సీసాలు కంచె వార గిన్నెలకే అయిపోయాయి. భూతద్దం తన మధ్యాహ్నం భోజనం డబ్బా వైపు ఆశగా చూశాడు.

"వద్దు," అంది ఆమె.

"తినేసి, కడిగేసే ఇస్తాను."

"ఇంటికెళ్ళాక మీ ఆవిడకి సంజాయిషీ ఎవరు చెబుతారు?"

"అదీ నిజమే." అతను నవ్వి, గదిలోంచి సీసాలు తేవడానికి గట్టెక్కాడు. "గొడుగు గారు ఇవి చూస్తే గొడుగు పారేసి గంతేస్తారు, చూడండి."

గొడుగు గారంటే ట్రస్టు అధికారి. ఎండా వానా లేకపోయినా చంకలో గొడుగు ఉంటుంది. ఈ వారంలోనే వస్తానన్నాడు. ఈ నేల మీద పెట్టిన ఖర్చుకి ఫలితం ఎక్కడని పైవాళ్ళు అతన్ని అడుగుతున్నారు, అతను వీళ్ళని అడుగుతున్నాడు. ఆమె సీసాని వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఇన్నాళ్ళూ రాలేదు, రాలేదు అనుకున్నవన్నీ ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది. సంతోషం వేసింది. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉంది.

*

బట్టీ గుమాస్తా కూర్చునే గదే ఇప్పుడు వీళ్ళ పనిగది. గోడకి ఇంకా పాత క్యాలెండర్ మేకు ఉంది. తుప్పు చార పడ్డ సింకు, కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద రెండు మైక్రోస్కోపులు, స్పిరిట్ వాసన. తెల్ల పళ్ళెంలో కొంచెం కొంచెంగా ఒంపుకుని, పట్టకారుతో జాతుల వారీగా వేరుచేయాలి. ఈగలు ఒక పక్క, తేనెటీగలు ఒక పక్క. విరిగిపోయిన వాటిలో తల ఉన్నదే లెక్కకి వస్తుంది, రెక్కా కాలూ రావు.

ఆమె పట్టకారు పళ్ళెం మీద ఆగింది.

ఒక ఆకుపచ్చ గొంగళిపురుగు. దాని పక్కన ఇంకోటి. పుల్లలా సాగి ఉన్న గడ్డిపురుగు పిల్ల, ఇంకా రెక్కలు రానిది. కొమ్మల చివర గూడు కట్టుకుని అక్కడే బతికి అక్కడే చచ్చే సాలీడు, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుని. పసుపు రంగు చూసి పువ్వనుకుని వాలేవి ఎగిరేవి. రెక్కలు లేనివి పొద దిగి, నడిచొచ్చి, గిన్నె అంచెక్కి దూకవు.

ఆమె ఇంకో సీసా ఒంపింది. అందులోనూ అంతే. కంచెకి దూరంగా, అవతలి మూల పెట్టిన గిన్నెల సీసా తీసింది. అందులో ఎప్పటిలాగే కొన్ని ఈగలు, ఒక పెంకుపురుగు. గొంగళిపురుగులు లేవు, సాలీళ్ళు లేవు.

పక్క కుర్చీలో భూతద్దం పట్టకారు కింద పెట్టేసి, తన పళ్ళెం వంకే చూస్తున్నాడు.

"మీరూ చూశారా?" అంది.

"చూశాను." కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మీరే అంటారులే అని ఆగాను."

"ఇవి వచ్చినవి కావు. పొదల మీంచి రాలి పడ్డవి."

"మందు."

ఆ మాట అన్నాక ఇద్దరూ కిటికీ వైపు చూడలేదు. కిటికీలోంచి కంచె కనిపిస్తుంది. కంచె అవతల, గట్టు మీద, వరసలు తీరిన టొమాటో తోట. అదీ ట్రస్టుదే. మందు కంచె దాటకూడదన్న షరతు మీద కౌలుకిచ్చారు. కౌలు ఆమె తమ్ముడిది.

"గాలిలో కొట్టి ఉంటాడు," అన్నాడు భూతద్దం మెల్లగా. "మీరు ముందు కనుక్కోండి మేడమ్. నేను ఈ పళ్ళెం దగ్గరే ఉంటాను. ఎవరైనా అడిగితే ఇంకా ఏరుతున్నామంటాను."

*

తమ్ముడు పంపు దగ్గర మందు డబ్బా గొట్టం ఊడదీసి, గుండుసూదితో దాని మూతి పొడుస్తున్నాడు. మరదలు సాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, కాయల బరువుకి వాలిన కొమ్మల్ని ఎత్తి కర్రలకి కడుతోంది. పాతగుడ్డ పీలికలు భుజం మీద వేసుకుంది, ఒకటి పళ్ళ మధ్య పట్టుకుంది.

"ఏరా, మందు కొట్టావా?" ఆమె చెప్పులు కూడా విడవకుండానే అడిగింది.

"నిన్న పొద్దున కొట్టాను. నువ్వే కదా కొట్టుకోమన్నావు."

"నేను కొట్టుకోమంది గాలి లేనప్పుడు. గాలి వీస్తుండగా కొట్టావా? నిజం చెప్పు. కంచె అవతల పొదల మీద ప్రాణి మిగల్లేదు."

అతను సూది పక్కన పెట్టాడు. "నా మొహం చూసి అడుగక్కా ఆ మాట."

మరదలు పళ్ళ మధ్య పీలిక తీసేసి లేచి వచ్చింది. "గాలిలోనా? వదినా, మీరు ఏ ముహూర్తాన చెప్పారో గాని, ఈయన రోజూ తెల్లారకముందే లేచి కూర్చోవడం. ఆ కర్రకి దారప్పోగు కట్టి, దాని వంక చూస్తూ కూర్చోవడం. పోగు ఇంత ఊగిందా, మళ్ళీ లోపలికొచ్చి ముసుగు తన్నడం. మందు కొట్టాలంటే దారం వంక చూస్తారా ఎవరైనా? ఈయనకి ఏదో అయిందని నేను మా అమ్మకి ఫోన్ కూడా చేశాను."

"చేసింది," అన్నాడు తమ్ముడు. "అత్తగారు నన్ను పిలిచి, నాయనా నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగారు."

ఆమెకి నవ్వు రాలేదు. "నిన్న పోగు కదల్లేదా?"

"ఆకు కదల్లేదు, పోగు కదల్లేదు. అంత నిమ్మళం నేనెప్పుడూ చూడలేదు. కొట్టిన మందు కొట్టినట్టు మంచులా నిలబడింది, ఇదిగో, ఇంత ఎత్తున." నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "ఎండెక్కేదాకా అలాగే ఉంది. ఇక్కడికొచ్చి మొహం కడుక్కుంటున్నా వాసన పోలేదు."

పంపు తోటకి దిగువన, కంచె వారనే ఉంది. ఆమె అక్కడ నిలబడి పైకి చూసింది. సాళ్ళు పై గట్టు నుంచి తన కాళ్ళ దాకా ఏటవాలుగా దిగి వచ్చాయి. వెనక్కి తిరిగింది. కంచె కింద నేల ఒక్కసారిగా పల్లంలోకి జారిపోయింది. అక్కడే, పొదల మొదట్లో, తన గిన్నెలు.

తెల్లవారుజామున నేల చల్లబడితే దాని మీది గాలీ చల్లబడి బరువెక్కుతుంది. కదలనట్టే ఉంటుంది, కానీ నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. ఈ సంగతి ఆమె ఎప్పుడో చదువుకుంది. పరీక్షలో రాసింది కూడా. పోయిన వారం ఇదే చోట తమ్ముడు కొమ్మ విదిలిస్తే తెల్లదోమ బూడిదలా లేచింది. "గిన్నెలు తీసేదాకా ఆగనా అక్కా?" అని అడిగాడు. "ఆగితే నీకు ఆకు మిగలదు. ఆకు కదలనప్పుడు పొద్దున్నే కొట్టెయ్. కంచె దాటదు," అని తనే అంది. అన్నాక, తమ్ముడికి ఒక మంచి పని చేసిపెట్టినట్టు తృప్తిగా ఇంటికి పోయింది.

గట్టు అంచు మీద కూర్చుని, అదంతా చెప్పింది. తమ్ముడు డబ్బా మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"అయితే ఇప్పుడేమవుతుంది?"

"ఆ సీసాలు లెక్కకి పనికిరావు. ఎందుకు పనికిరావో గొడుగు గారికి చెప్పాలి."

"చెప్పు. గాలి లేచినా చూసుకోకుండా కొట్టేశాడని చెప్పు."

"నువ్వు అలా చేయలేదు కదరా!"

"చేశానంటే ఏం పోయింది? పై తోటవాడు పోయినేడు అలాగే చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకుని, నాలుగు చీవాట్లు పెట్టి వదిలేశారు. నాకూ పెడతారు. పడతాను."

"రేపు ఇంకేదైనా అయితే? ముందే ఒక సంతకం పడి ఉంటే తోట లాక్కుంటారు. నా తప్పు నీ నెత్తికి చుట్టి నేను చేతులు దులుపుకోనా?"

"తప్పు ఎవరిదన్నది పక్కన పెట్టక్కా. తోట సంగతి చూడు."

"తోట కోసమే చెబుతున్నాను," అంది ఆమె. మరదలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, టీ పెడతానంటూ లేచింది. టీకి ఆగకుండా వచ్చేసింది ఆమె.

*

ఆ సాయంత్రం వంటగదిలో పిండి కలుపుతూ భర్తకి చెప్పింది. ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని బట్టలు మడతపెడుతున్నాడు. పొడుగు చేతుల చొక్కాలు ఆయనకి ఎప్పటికీ సరిగ్గా మడతపడవు. ఆమె వాటిని మళ్ళీ మడతపెడుతుందని ఆయనకి తెలుసు, అయినా మానడు.

"చిన్నప్పుడు నీ బదులు వాడు దెబ్బలు తినేవాడని నువ్వే చెబుతావుగా," అన్నాడు. "ఇప్పుడూ తింటానంటున్నాడు. తిననీ."

"చిన్నప్పుడు నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను."

"నోరు తెరిస్తే నీ ఉద్యోగానికేమన్నా..."

"మందలిస్తారు. మందలించాల్సిందే. చదువుకున్నదాన్ని, వాడికి పొద్దున్నే కొట్టమని చెప్పాను. ఆ నేల మీద పురుగులన్నిటినీ నేనే చంపాను."

"రోజూ చంపుతూనే ఉంటావు కదా," అనేసి, ఆమె చేతులు పిండిలో ఆగిపోవడం చూసి ఆయన నాలిక కరుచుకున్నాడు. "ఊరికే అన్నాలే."

ఆమె పిండిని గట్టిగా గిన్నెకేసి నొక్కింది. రోజూ చంపేవి కొన్ని. వాటికొక చీటీ ఉంటుంది, ఒక చోటు ఉంటుంది. నిన్న పొద్దున రాలినవాటిలో గిన్నెల్లో పడ్డవి కొన్నే. పొదల కింద, గడ్డి మొదళ్ళలో, గిన్నె లేని చోట రాలినవి ఎన్నో ఎవరికి తెలుస్తుంది? కన్నపిల్లల్లా కాపాడిందని కాదు. అయినా అవి ఒక్కొక్కటీ తిరిగి రావడానికి ఎంత కాలం పట్టిందో ఆమె దగ్గరుండి చూసింది.

"చెప్పేస్తే వాడి మీద మచ్చ ఉండదు," అంది చివరికి. "అంతే నాక్కావాల్సింది."

ఆయన ఇంకో చొక్కా తీసుకున్నాడు.

*

గొడుగు గారు అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, గొడుగుని మూలకి ఆనించి, కిటికీ దగ్గర వరసగా పెట్టిన సీసాల వైపు నడిచాడు. వంగి ఒక్కొక్కటీ చూశాడు. అతని మొహం విచ్చుకుంది.

"ఇవన్నీ మన నేలవేనా?"

భూతద్దం ఆమె వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది. "మన నేలవే గాని, ఇవి లెక్కలోకి రావండి. మందు పడి రాలినవి."

అతను నెమ్మదిగా నిటారుగా అయ్యాడు. ఏదో అడగబోతుండగా గుమ్మంలో చప్పుడైంది. తమ్ముడు. తల స్నానం చేసి, పెట్టెలోంచి తీసిన చొక్కా తొడుక్కుని, మడతల గీతలతో సహా నిలబడి ఉన్నాడు. దారిలో గొడుగు గారి బండి చూసి ఉంటాడు.

"అయ్యా, ఆ మందు నేను కొట్టిందేనండి," అన్నాడు. "గాలి లేచింది. పురుగు ఎక్కువగా ఉందని ఆగలేదు. పొరపాటైంది. ఇంకెప్పుడూ జరగదు."

గొడుగు గారు బాధపడ్డాడుగాని కోపం తెచ్చుకోలేదు. కుర్చీలో కూర్చుని, "నీలాంటివాడు కూడా ఇలా చేస్తే ఎలాగయ్యా? పక్కనే మీ అక్కగారు పనిచేస్తున్నారు, ఆ ఇంగితం ఉండొద్దా?" అన్నాడు.

"ఉండాలండి. తప్పేనండి."

"మొదటిసారి కాబట్టి ఈసారికి మందలించి వదిలేస్తున్నాను. నీ చేత ఒక సంతకం తీసుకుంటాను. ఈ విడత సీసాలు పక్కన పెట్టి..."

"అబద్ధం చెబుతున్నాడండి," అంది ఆమె.

గొడుగు గారు మాట మధ్యలో ఆపి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వూరుకో అక్కా."

"గాలి లేదండి ఆ రోజు. పొద్దున్నే, ఆకు కదలనప్పుడు కొట్టమని నేనే చెప్పాను. వాడు నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. పొరపాటు నాది."

"అక్కకేం తెలుసండి మందు సంగతి? తనకి పురుగుల సంగతి తెలుసు. గాలి లేచింది. నేను కొట్టాను."

"దారం కట్టి చూశావు కదరా!"

"ఏ దారం?"

"మీ ఆవిడ మీ అత్తగారికి ఫోన్ చేసిన దారం!"

భూతద్దం గబుక్కున పళ్ళెం మీదికి వంగాడు. గొడుగు గారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "ఉద్యోగంలో ఇన్నేళ్ళయింది, నాది కాదు నాది కాదు అని కొట్టుకున్నవాళ్ళని చూశాను. నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. ఇద్దరిలో ఒకరిదే నిజం కావాలి కదమ్మా?"

"రేపు తెల్లారేసరికి తోటకి రండి," అంది ఆమె. "కళ్ళకి కనబడేలా చూపిస్తాను. గాలి లేనప్పుడు అది ఎలా దిగుతుందో చూస్తే మీకే తెలుస్తుంది, వాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆగేది కాదని."

తమ్ముడు ఆమె వైపు చూశాడు. ఏదో అనబోయి, గొడుగు గారు ఉన్నాడని మానేశాడు. నోట మాట రానంతగా కదిలిపోయాడనుకుంది ఆమె. ఎన్నాళ్ళనుంచో వీపు మీద మోస్తున్నదేదో దించినట్టు తేలిగ్గా అనిపించింది.

*

తెల్లారేసరికి చలిగా ఉంది. ఆకుల చివర్ల మంచు బొట్లు కట్టి, బొట్లు కూడా కదలకుండా ఉన్నాయి. గొడుగు గారు మెడకి మఫ్లర్ చుట్టుకుని, చంకలో గొడుగుతో పై గట్టు మీద నిలబడ్డాడు. తమ్ముడు పాత ఇనప తొట్టిలో తడిగడ్డి కుక్కి, కింద ఎండుపుల్లలు పెట్టి అగ్గిపుల్ల గీశాడు. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది గీసేటప్పుడు అక్క వైపు ఒకసారి తలెత్తాడు.

"వెలిగించనా?" అన్నాడు.

"వెలిగించు, ఆయనకి ఆలస్యమవుతుంది."

గడ్డి చిటపటమని, తెల్లటి చిక్కని పొగ లేచింది. లేచి, టొమాటో కర్రల చివర్లకి కాస్త పైకి వెళ్ళి ఆగిపోయింది. పైన ఎవరో దుప్పటి పట్టుకున్నట్టు అక్కడే పరుచుకుంది. కొంతసేపు అది కదులుతున్నట్టే లేదు. తర్వాత అడుగు అంచు సాళ్ళ మధ్యలోకి నాలికలా జారింది. సాలు వెంట సాలు నింపుకుంటూ, కొమ్మల చుట్టూ తిరుగుతూ, ఏ తొందరా లేకుండా కిందికి దిగింది. పంపుని మింగింది. కంచె తీగల మధ్యనుంచి అవతలికి పోయి, గట్టు దాటగానే ఒక్కసారిగా పల్లంలోకి ఒంపినట్టు పడి, పొదల మొదళ్ళలో నిలిచిపోయింది. కర్రకి కట్టిన దారప్పోగు ఇంతసేపూ నిలువునా వేలాడుతూనే ఉంది.

గొడుగు గారు పొగ పక్కనే నడుచుకుంటూ కంచె దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడి చాలాసేపు చూసి, అంత మెల్లగానూ తిరిగొచ్చాడు.

"మీరు చెప్పిందే నిజమమ్మా," అన్నాడు. "ఇందులో మీ తమ్ముడి తప్పేం లేదు."

ఆమె ఊపిరి వదిలింది.

"మీ తప్పు కూడా ఏముంది? నేలే అలా ఉంది. గాలుంటే గాలి తీసుకెళ్తుంది, లేకపోతే పల్లం లాక్కెళ్తుంది. ఇతను కాకపోతే ఇంకొకరు, ఎవరు సాగు చేసినా మందు అటే పోతుంది." తమ్ముడి వైపు తిరిగాడు. మర్యాదగానే అడిగాడు. "మందు లేకుండా ఈ పంట తీయగలవా?"

తమ్ముడు పుల్లతో తొట్టిలో గడ్డిని కదిపాడు. "తీయలేనండి."

"అదీ నిజమే చెప్పావు. ఈ కాపు అయ్యేదాకా మందు ముట్టకుండా ఎంతొస్తే అంత తీసుకో. ఆ తర్వాత సాగు ఆపేసి ఈ నేల చెక్కని కూడా కంచెలో కలిపేద్దాం. పైవాళ్ళకి నేను రాస్తాను, నీ మీద ఏ మచ్చా లేకుండా రాస్తాను." ఆమె వైపు చూసి, నిజంగా అభినందిస్తూ అన్నాడు. "మీరు పట్టుబట్టకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. కిందినేల దక్కింది, ఇంకా కొంచెం నేలా వచ్చింది."

ఆమె అతని మఫ్లర్ ముడి వైపు చూస్తూ ఉండిపోయింది. అతను గొడుగు సర్దుకుని బయల్దేరబోయేసరికి ఒక అడుగు ముందుకి వేసింది.

"ఒక్క మాటండి. నిన్న అతను చెప్పిందే రాసుకోండి."

"ఏది?"

"గాలి లేచిందని. చూసుకోకుండా కొట్టాడని. సంతకం పెడతాడు. నేను కూడా పెడతాను. ఇంకెప్పుడూ జరగదు."

గొడుగు గారు అయోమయంగా ఆమెని చూశాడు. అర్థమయ్యాక కళ్ళు దించుకున్నాడు. "కళ్ళారా చూశాక అలా ఎలా రాయనమ్మా?" అన్నాడు. తొట్టి చుట్టూ తిరిగి, తడి గట్టు మీద జారకుండా గొడుగు మొన ఆనించుకుంటూ వెళ్ళిపోయాడు.

పొగ పలచబడింది. తమ్ముడు బకెట్‌తో నీళ్ళు తెచ్చి తొట్టిలో పోశాడు. బుస్సుమంది. అతను బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"తోట పోయేదాకా వస్తుందని నీకు ముందే తెలుసా?" అంది ఆమె.

"తెలియదు. కానీ నాది తప్పంటే నన్ను తిడతారు. తప్పు నాది కాదంటే తోటని చూస్తారు. అంతవరకు తెలుసు."

"చెప్పొచ్చు కదరా."

"చెప్పానక్కా."

అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె ఏదో ఒకటి అని ఉండేది. కాళ్ళ దగ్గర నల్లబడ్డ గడ్డి నీళ్ళలో తేలుతోంది. ఒక కాయ బరువుకి కొమ్మ వాలి ఆమె చీలమండకి తగులుతోంది. పక్కకి జరగాలని కూడా తోచలేదు.

దూరంగా, పొగ తగలని పక్క సాలులోంచి మరదలు లేచి నిలబడింది. పెద్దమనిషి ఉండగా దగ్గరికి రావడం బాగోదని ఇంతసేపూ అక్కడే పని చేసుకుంటూ ఉంది. బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, నోటికి అడ్డం చెయ్యి పెట్టుకుని కేకేసింది.

"ఏమన్నారు?"

తమ్ముడు బకెట్ మీంచి లేవలేదు. అక్క వైపు చూడలేదు.

"అక్క చెప్పింది నిజమేనట," అన్నాడు.

"హమ్మయ్య!" అంది మరదలు. "రాత్రినుంచీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను." భుజం మీంచి ఒక పీలిక లాగి పళ్ళ మధ్య పట్టుకుని, నేలకి వాలిన కొమ్మని రెండు చేతులా ఎత్తి, కాయలు రాలకుండా నెమ్మదిగా కర్రకి ఆనించింది.